తలకు దెబ్బ తగిలిన పిల్లవాని చదువు

చూచునది కన్ను మాత్రమే కాదు. తల వెనుక భాగమందలి మెదడు కూడ. 1914-18 యుద్ధమున గాయపడిన సైనికులను పరీక్షించి, మెదడులో ఏ చోటు చెడిన ఏ వైపు చూపు పోవునో గోర్డన్ హోమ్స్ అను వైద్యుడు వివరించెను. అచ్చట కుడిభాగము దెబ్బతిన్నచో రెండు కన్నులకును ఎడమవైపు కనబడదు. అట్టి బాలుడు పంక్తి మొదటి మాటలను విడిచి చదువును. మనము సోమరి యందుము! కళ్లజోడు మార్చిన ప్రయోజనము లేదు. నేత్రవైద్యునిచే ఇరుప్రక్కల చూపును పరీక్షింపజేయవలెను. పోయిన చూపు కొన్ని నెలలలో కొంత రావచ్చును, రాకపోవచ్చును. చూపు త్రిప్పుకొను నేర్పు మాత్రము అభ్యాసమున వచ్చును. పుట ఎడమ అంచున ఎఱ్ఱగీత గీయుడు; గీత కనబడిన పిమ్మటనే పంక్తి మొదలిడవలెను. మాకును తెలుపుడు. నల్లబల్ల అతని కుడిప్రక్కకు వచ్చునట్లు కూర్చుండబెట్టెదము.