డివైజును తాకకుండ మార్చుకొనుట



నీ జాబు చేరినది. రూబీ ఆన్ రైల్స్‌తో కట్టుచున్న సైటులో లాగిన్ పనికి డివైజు జెమ్మును చేర్చుకొంటివనియు, సైనిన్ పేజీ నచ్చక ‘బండిల్ ఓపెన్’ కమాండుతో జెమ్మునే తెరచి అందలి ఫైళ్లను దిద్దితివనియు వ్రాసితివి. ఆ దిద్దుబాటు నీ కంప్యూటరును దాటదు; సర్వరు తన జెమ్మును తానే దింపుకొనును గనుక అచ్చట పాత పేజీయే కనబడును. ముందుగా ‘బండిల్ ప్రిస్టైన్’ నడిపి జెమ్మును యథాస్థితికి తెమ్ము.

బ్రెజిల్ దేశపు ప్లాటఫర్మాటెక్ సంస్థవారు 2009లో వెలువరించిన డివైజు, వార్డెన్ అను లాగిన్ జెమ్ము ఆధారముగా, రైల్స్ ఇంజనై నిర్మింపబడినది. ఇంజనులోని వ్యూలకంటె ముందు రైల్స్ నీ యాప్ ఫోల్డరునే వెదకును. అదే దారిలో అదే పేరున నీ ఫైలు దొరికెనేని దానినే చూపును. సగము పని ఈ నియమముతోనే తీరును. ‘రైల్స్ జనరేట్ డివైజ్ వ్యూస్’ అన్నచో ప్రతులన్నియు వచ్చి నీ ఫోల్డరున చేరును గాని, ఆ వైభవము నాకు సమ్మతము కాదు: నీవు తెచ్చుకొన్న ప్రతి పేజీయు ఆ క్షణమునుండి నీ బాధ్యతయే, మూలమున పిమ్మట జరుగు సవరణ దానికి అందదు. కమాండు చివర ‘-వి సెషన్స్’ అని చేర్చినచో సైనిన్ పేజీ గల ఆ విభాగ మొక్కటియే వచ్చును.

రూపముగాక నడవడిని మార్పవలసినప్పుడు, డివైజు సెషన్స్ కంట్రోలరునుండి వారసత్వము పొందు కంట్రోలరును వ్రాసి, రౌట్సు ఫైలులోని ‘డివైజ్ ఫర్’ వరుసయందు దాని పేరు తెలిపి, కావలసిన మెథడును మాత్రమే తిరిగి వ్రాసి, తక్కినదానిని ‘సూపర్’ అను ఒక్క పిలుపుతో మూలమునకే విడువవలెను. లాగిన్ అయిన వెంటనే సెషన్ ఐడీని మార్చుటవంటి రక్షణలు వార్డెన్ లోలోన జరుపుచుండును. దానిని తప్పించి యూజరు ఐడీని నీవే సెషన్‌లో పెట్టబూనితివా, అవి నీకు దక్కవు. లాగిన్ పిమ్మట ఏ పేజీకి పంపవలెనో చెప్పుటకైతే కంట్రోలరు కూడ అక్కరలేదు. అప్లికేషన్ కంట్రోలరులో ‘ఆఫ్టర్ సైన్ ఇన్ పాత్ ఫర్’ వ్రాసిన చాలును.

ఇక, సైనప్ ఫారమున పేరు గడిని చేర్చినను అది డేటాబేసునకు చేరుట లేదంటివి. లాగ్ తెరచి చూడుము. ‘అన్‌పర్మిటెడ్ పారామీటర్’ అని అందుండును. డివైజు తనకు తెలిసిన గడులనే లోనికి రానిచ్చును. కావున అప్లికేషన్ కంట్రోలరులో, డివైజు కంట్రోలర్లకు మాత్రమే వర్తించు బిఫోర్ యాక్షన్ నొకదానిని పెట్టి, పారామీటర్ శానిటైజరుకు సైనప్ పేరున ఆ గడిని పర్మిట్ చేయుము. ఖాతా సవరణ పేజీలోను పేరు మార్చుకొననీయదలచితివేని, ‘అకౌంట్ అప్‌డేట్’ పేరున మరల వేరుగ అనుమతింపవలెను.

ఇట్లు,
నీ మేనమామ