బండి ఎప్పుడు వణుకుతుంది?



మన పాతబస్తీలో చాలా ఇండ్లు ఆటో మీదే బతుకుతాయి. కొందరు ఆడవాళ్లు తామే ఆటో నడుపుతున్నారు. ఆటో ఒక రోజు మెకానిక్ దగ్గర నిలబడితే ఆ రోజు గిరాకి లేదు. అప్పు మీద కొన్న ఆటో అయితే కిస్తీ మాత్రం ఆగదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. అది మనకు మేలే. కానీ గిరాకి తగ్గిందని ఆటోవాళ్లు ధర్నాలు చేశారు. ఇలాంటప్పుడు మెకానిక్ "గేరుబాక్సు విప్పాలి" అంటే గుండె గుభేలుమంటుంది కదా?

విప్పే ముందు ఒక మాట అడగాలి. బండి వణుకుతోంది, సరే. ఎప్పుడు వణుకుతోంది?

ముందు క్లచ్ అంటే ఏమిటో చూద్దాం. మీ రెండు అరచేతులు కలిపి గట్టిగా అదమండి. ఒక చెయ్యి తిప్పండి. రెండోది కూడా దాని వెంట కదులుతుంది. ఇప్పుడు వదులుగా పట్టి తిప్పండి. జారిపోయింది కదా! క్లచ్ ప్లేట్లు ఇట్లాగే పని చేస్తాయి. ఇంజన్ తిరుగుడును గేర్లకు అందిస్తాయి. గేర్లు చక్రాలను తిప్పుతాయి. ప్లేట్లు అరిగినా, మాడినా, వంగినా సమంగా కలవవు. ఒకసారి పట్టుకుంటాయి, ఒకసారి జారతాయి. అందుకే బండి వణుకుతుంది.

ఇక పరీక్ష. ఆటోను నిలబెట్టి న్యూట్రల్‌లో ఇంజన్ నడవనివ్వండి. అప్పుడే గడగడ వణికితే గేరుబాక్సు జోలికి పోవద్దు. పెట్రోలు బండి, గ్యాసు బండి అయితే ప్లగ్గు చూడమనండి. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్లు కూడా చూడమనండి. ఆ రబ్బర్లు పగిలితే ఇంజన్ వణుకు బండికంతా పాకుతుంది. గేరుబాక్సు విప్పడం ముందు ఇది చాలా చిన్న పని.

నిలబడ్డప్పుడు బాగుండి, ఒకటో గేరులో కదిలేటప్పుడు ఊగిపోతే క్లచ్ మీద అనుమానం. ఫలక్‌నుమా ఎత్తు ఎక్కేటప్పుడు, సవారీలు నిండుగా ఉన్నప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ఇంజన్ అరుస్తుంది, బండి ముందుకు లాగదు. అయినా వెంటనే ప్లేట్లు మార్చవద్దు. ముందు క్లచ్ వైరు చూడాలి. వైరు మరీ బిగుతుగా ఉంటే ప్లేట్లు పూర్తిగా కలవవు. కొంచెం వదులు చేస్తే సరిపోవచ్చు. తర్వాత ఆయిల్. చాలా ఆటోల్లో ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. కార్లకు పోసే ఆయిల్ తెచ్చి పోస్తే ప్లేట్లు జారవచ్చు. కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. డబ్బా మీద పేరు, నంబరు మీరే చదవండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు!

ఇవి రెండూ సరిగా ఉన్నా వణుకు పోకపోతే అప్పుడు క్లచ్ విప్పాలి. మారిస్తే ప్లేట్లన్నీ ఒకేసారి మార్చాలి. స్ప్రింగులు కూడా చూడమనండి.

మరి వేగంగా పోతున్నప్పుడే వణికితే? ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద నడిపేవాళ్లు ఒక్క క్షణం క్లచ్ నొక్కి చూడాలి. అప్పటికీ వణుకు ఉంటే చక్రాలు, టైర్లు, బేరింగులు చూడాలి. వాలులో మాత్రం ఈ పరీక్ష వద్దే వద్దు.

కొందరి ఇండ్లలో మగవాళ్లు ఇంకొకరి కార్లు నడుపుతారు. గేర్లు వాటంతట అవే మారే కార్లు ఇప్పుడు బాగా వచ్చాయి. వాటిలో కొన్నిట్లో ఇంజన్ బలం ఆయిల్ ద్వారానే గేర్లకు పోతుంది. ఆ ఆయిల్ పాతబడితే, ఒకే వేగంలో పోతున్నా కారు గరుకు రోడ్డెక్కినట్టు వణుకుతుంది. ఆయిల్ మారిస్తే చాలాసార్లు తగ్గుతుంది. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు కూడా మాడి ఉండవచ్చు.

మెకానిక్ దగ్గరికి పోయే ముందు ఒక చీటీ రాయండి.

"నిలబడ్డప్పుడు వణకదు. ఒకటో గేరులో వణుకుతుంది. రెండో గేరులో తగ్గుతుంది."

ఆయిల్ మార్చిన తారీకు కూడా రాయండి. ఖర్చు ఎంత అవుతుందో పని మొదలుపెట్టక ముందే చీటీ వెనక రాయించుకోండి. తీసేసిన పాత ప్లేట్లు ఇవ్వమని అడగండి. మాడిన ప్లేటు నల్లగానో నీలంగానో ఉంటుంది. చూస్తే మీకే తెలుస్తుంది.