పరీక్ష హాలు బయటి లెక్కలు

ప్రశ్న: ఇంటర్ కెమిస్ట్రీ పరీక్షలో రాసిన లెక్క జవాబు తోటివారితో సరిపోలకపోతే మార్కులన్నీ పోయినట్టేనా?

జవాబు: తెలంగాణ ఇంటర్మీడియట్‌లో 60 మార్కుల రసాయనశాస్త్ర పత్రానికి ఉత్తీర్ణత 21 మార్కులే కాగా, మూల్యాంకనంలో సూత్రం, ప్రతిక్షేపణ వంటి సోపానాలకూ విలువ ఉంటుంది. 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పీహెచ్ అడిగినప్పుడు, హైడ్రాక్సైడ్ అయాన్ గాఢతకు రుణ సంవర్గమానమైన పీఓహెచ్ 2 అని సరిగానే కట్టి, దానిని 14 నుంచి తీసివేసి 12 రాయడం మరచిన విద్యార్థి సాధారణంగా కోల్పోయేది చివరి మెట్టు మార్కునే. పైగా, తోటివారిలో గట్టిగా చెప్పినవారి జవాబే సరైనదన్న భరోసా ఏమీ లేదు. ఫలితాల తర్వాత అనుమానం మిగిలితే, గడువులోగా రుసుము చెల్లించి మార్కుల పునఃలెక్కింపు గానీ, జవాబుపత్రం నకలుతో కూడిన పునఃపరిశీలన గానీ కోరవచ్చు.