కాటన్ జిన్: ఒక యంత్రం, రెండు అమెరికాలు

1793లో ఎలీ విట్నీ రూపొందించిన కాటన్ జిన్‌ను కేవలం ఒక పేరుగా, సంవత్సరంగా బట్టీ పట్టి వదిలేయకండి. పొట్టి పింజ పత్తిలో గింజ దూదిని పట్టుకుని వదలదు. చేత్తో ఒలిస్తే రోజంతటికీ ఒక పౌండు దూది రావడమే గగనం. జిన్‌లోని తీగ పళ్లున్న రోలర్ ఆ పనిని సులువు చేసింది. బానిసల బతుకు మాత్రం తేలికపడలేదు. పత్తి సాగు విస్తరించి, అమెరికాలో 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. ఆ పత్తినే మసాచుసెట్స్‌లోని లోవెల్ మిల్లుల్లో పల్లెల నుంచి వచ్చిన యువతులు వడికి నేశారు. ఉత్తరాది పరిశ్రమకు, దక్షిణాది బానిసత్వానికి ఉన్న ఈ ముడి చాలా ముఖ్యం. ఈ రెండు ప్రాంతాల మధ్య సమతూకం కోసం కుదిరిన 1820 మిస్సోరి రాజీలో మిస్సోరి బానిస రాష్ట్రంగా, మెయిన్ స్వేచ్ఛా రాష్ట్రంగా చేరాయి. ఈ చీలిక సుంకాల విషయంలోనూ కనిపించింది: 1828 సుంకాల చట్టం చెల్లదని 1832లో ప్రకటించిన రాష్ట్రం దక్షిణ కరోలినా.