కారు కింది డబ్బా

కారు పొగగొట్టంలో ఒక డబ్బా ఉంటుంది. దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. లోపల తేనెపట్టులాంటి గదులుంటాయి. వాటికి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. ఇంజను విడిచే పొగలో విషం ఇక్కడ చాలావరకు విరుగుతుంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు.

ఆ లోహాలు ఖరీదైనవి. అందుకే డబ్బా పాడైతే టాక్సీ మీద బతికే ఇంటికి పెద్ద దెబ్బ.

"డబ్బా తీసేసి ఉత్త గొట్టం పెడతానమ్మా. చౌకలో పోద్ది" అంటాడు మెకానిక్కు. ఒప్పుకోకూడదు. విషపు పొగ వీధిలోకి వస్తుంది. పిల్లలు పీల్చేది ఆ గాలే. పొగ పరీక్షలో కారు తప్పవచ్చు.

మరి ఖర్చు తగ్గేదెలా?

1. "అన్నా, ఇది ఎందుకు పాడైంది?" అని ముందు అడగాలి. ఇంజను ఆయిలు తాగుతున్నా, ప్లగ్గు సరిగా పనిచేయకపోయినా డబ్బా పాడవుతుంది. ముందు ఆ లోపం సరిచేయించాలి. లేకపోతే కొత్తదీ పాడవుతుంది.

2. కారు కంపెనీ డబ్బా ధర, బయటి తయారీ డబ్బా ధర రెండూ అడగాలి. మూడు షాపులు తిరగాలి. అది ఆ కారు మోడలుకు సరిపోవాలి.

3. పాత డబ్బా ఊరికే వదలకూడదు. అందులోని లోహాలకు విలువ ఉంది. ఆ మేరకు బిల్లు తగ్గించమనాలి.

4. బిల్లు, గ్యారంటీ కాగితం చదివాకే డబ్బు ఇవ్వాలి.

చెప్పండి: పాత డబ్బాకు విలువ ఎందుకు?