ఇంటికి తొలి పెట్టుబడి

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. మేము రాయికల్ చుట్టుపట్ల పొలములు చూడబోవునప్పుడు రైతు సోదరులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: “ఇంటికి సర్కారు సహాయము వచ్చును, సరే. పునాది త్రవ్వుటకు సొమ్మెక్కడిది?” ఈ నెల పాఠము ఆ ప్రశ్నను గూర్చినదే.

ఇంటికి సొమ్మిచ్చువా రెవ్వరును మొత్తము ముందుగా ఇయ్యరు. పట్టణములలో ఇల్లు కొనువారికి 30 లక్షలవరకు గల అప్పు విషయమున, ఇంటి విలువలో నూటికి 90 పాళ్లకు మించి బ్యాంకులు ఇయ్యరాదని రిజర్వు బ్యాంకు నియమము. 20 లక్షల ఇల్లు కొనువాడు 2 లక్షలైనను చేతినుండి పెట్టవలెను. అమెరికాలో 1934లో ఏర్పడిన గృహ సంస్థ యొకటి అప్పులకు పూచీపడుటచేత, ఈ తొలి సొమ్ము నూటికి మూడున్నర పాళ్లకు తగ్గినది. అదియు లేనివారికి అచ్చటి రాష్ట్రముల సంస్థలు మరియొక చిన్న అప్పిచ్చి ఆదుకొనును. ఎచ్చటనైనను బీదవానిని ఆపునది ఇంటి వెలకంటె ముందుగా ఈ తొలి సొమ్మే.

మన గ్రామముల సంగతి చూతము. 2024 మార్చి 11న భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము ప్రకారము సొంత స్థలము గల బీదలకు 5 లక్షల రూపాయలు నాలుగు విడతలుగా నిర్ణయింపబడినవి. పునాది బేసుమెంటువరకు లేచిన పిదపనే మొదటి లక్ష వచ్చును. తక్కినది గోడలు, స్లాబు, పూర్తి అను దశలను బట్టి వచ్చును. అనగా ప్రతి దశయందును పని ముందు, సొమ్ము వెనుక. పునాదికే శక్తిలేనివారికి మహిళా సంఘముల ద్వారా లక్ష రూపాయలవరకు అప్పిప్పించు ఏర్పాటు 2025లో జరిగినది.

ఇచ్చట పలువురు పొరబడుదురు. మొదటి విడత రాగానే తొలి అప్పు తీరునని తలంతురు. ఆ లక్షతో అప్పు తీర్చినచో గోడలు దేనితో లేచును? గోడలకు ఖర్చుచేసినచో అప్పు అట్లే యుండును. కావున తొలి లక్షను విత్తనమువలె ఎంచవలెను. విత్తనము మొలకతో తిరిగిరాదు, పంటతో వచ్చును. చివరి విడతవరకు ఆ లక్షకు వడ్డీ నడచునని ముందే లెక్కింపవలెను.

ఇల్లు ఎనిమిది నెలలలో పూర్తియగు ననుకొందము. సావుకారు వద్ద నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున లక్షకు వడ్డీ 24,000 రూపాయలు. ఒక రూపాయి చొప్పున దొరికినచో 8,000 మాత్రమే. తేడా 16,000. ఇది తలుపులకో కిటికీలకో సరిపోవు సొమ్ము.

కావున మా సలహాలు ఇవి:

మొదటిది, ముగ్గు పోయుటకు ముందే కొలత చూచుకొనుడు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600కు మించరాదు. కొడుకు గల్ఫునుండి పంపునను ధైర్యముతో పునాది పెంచినవారికి సహాయమే నిలిచిపోవచ్చును.

రెండవది, పసుపు అమ్మిన సొమ్ము చేతనున్న వేసవిలో పని మొదలుపెట్టుడు. కాని జూనులో నాటవలసిన పసుపు విత్తనమునకు, ఎరువులకు కావలసిన సొమ్ము విడిగా తీసి పెట్టి, దానిని ముట్టకుడు. పొలము బీడుపెట్టి కట్టిన యింట అన్నముండదు.

మూడవది, ముందు సంఘమును అడుగుడు. సావుకారు గడప చివరిది కావలెను. రాబోవు పంటను ఆయనకే అమ్మెదమని మాటయిచ్చి అప్పు తేకుడు. వడ్డీతోపాటు ధరలోను నష్టము కలుగును.

నాలుగవది, సహాయపు సొమ్ము ఇల్లాలి పేర వచ్చును గనుక లెక్క ఆమెచేతనే వ్రాయింపుడు. ప్రతి శనివారము సిమెంటు, ఇసుక, కూలి వేరువేరుగా వ్రాసినచో ఏ దశలో ఎంత లోటో కనబడును.

ఈ లెక్క వేసి చూచినపిమ్మట లోటు పూడునట్లు కనబడనిచో, ఒక పంటకాలము ఆగుటకు సిగ్గుపడవలదు. అర్ధాంతరముగా ఆగిన గోడలకంటె ఆలస్యముగా పడిన పునాది మేలు.