పాలిమర్ క్లేలో రెజాంగ్ లా: ఉబ్బెత్తు శిల్పం వెనుక ఉన్న శాస్త్రం

ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన ఉన్న జాతీయ యుద్ధ స్మారకాన్ని 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. అందులోని 'వీరతా చక్ర'లో ఆరు కంచు కుడ్యశిల్పాలున్నాయి. వాటిలో ఒకటి రెజాంగ్ లా పోరాటానిది. అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, ఐఐటీ ఢిల్లీకి చేరువలో కటవారియా సరాయ్ ఉంది. విద్యార్థుల అద్దె గదులతో కిక్కిరిసిన ప్రాంతమది. కంచు పోత పోయడం అలాంటి గదిలో సాధ్యం కాదు. అదే దృశ్యాన్ని అరచేతి మందం పలకపై పాలిమర్ క్లేతో మలచడం మాత్రం సాధ్యమే. అయితే ఆ పదార్థం స్వభావం తెలిసి ఉండాలి.

భంగిమే సాక్ష్యం

1962 నవంబర్ 18న లడఖ్‌లోని చుషూల్ ప్రాంతంలో, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13వ కుమావ్ బెటాలియన్‌కు చెందిన చార్లీ కంపెనీ రెజాంగ్ లాను కాపాడుతూ పోరాడింది. సుమారు 120 మందిలో 110 మందికి పైగా అమరులయ్యారు. వారిలో ఎక్కువమంది ఢిల్లీకి చుట్టుపక్కల ఉన్న రేవాడి వంటి హర్యానా ప్రాంతాల వారు. బతికి బయటపడిన కొద్దిమంది చెప్పిన మాటలను మొదట చాలామంది నమ్మలేదు. 1963 తొలి నెలల్లో మంచులో గడ్డకట్టిన దేహాలు దొరికాయి. కందకాల్లో, ఆయుధాలు పట్టుకున్న భంగిమల్లోనే వారు ఉన్నారు. వారి పోరాటానికి ఆ భంగిమలే రుజువయ్యాయి. అందుకే ఈ దృశ్యాన్ని మలిచేటప్పుడు ఒక చెయ్యి వాలిపోయినా అది చిన్న లోపం కాదు, జరిగినదాన్ని తప్పుగా చెప్పడమే.

ఇది మట్టి కాదు

పేరులో 'క్లే' ఉన్నా, ఇందులో ప్రధాన పదార్థం పాలీవినైల్ క్లోరైడ్, అంటే పీవీసీ. నీటి గొట్టాల్లో వాడేదీ ఇదే. అతి సన్నని పీవీసీ రేణువులకు ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం, సుద్దపొడి వంటి పూరకాలు, రంగులు కలుపుతారు. నీరు ఉండదు కాబట్టి కుండమట్టిలా ఆరిపోదు, కాల్చినప్పుడు పెద్దగా కుంచించుకుపోదు.

వేడి తగిలినప్పుడు ప్లాస్టిసైజర్ రేణువుల లోపలికి చొచ్చుకుపోతుంది. రేణువులు ఉబ్బి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చల్లారాక గట్టి, కొద్దిగా వంగే ఘనపదార్థం మిగులుతుంది. ఇక్కడ కొత్త రసాయన బంధాలేవీ ఏర్పడవు. రెండు ముద్దలను కలిపి వాడే ఎపాక్సీ పుట్టీ తీరు వేరు. అందులో రెసిన్, హార్డెనర్ చర్య జరిపి అణువుల మధ్య వలలాంటి బంధాలు ఏర్పరుస్తాయి. దానికి ఓవెన్ అవసరం లేదు.

ఎందుకు కలపాలి?

మెత్తని క్లేపై వేలిముద్రలు పడతాయి, అంచులు నిలవవు. గట్టి క్లేలో గీతలు స్పష్టంగా వస్తాయి, కానీ మలుస్తుంటే పగుళ్లిస్తుంది. రెండింటినీ రంగు చారలు కనిపించనంత వరకు పిసికితే ముఖాలకు, కోటు మడతలకు అనువైన ముద్ద వస్తుంది. మరీ మెత్తగా ఉంటే తెల్లకాగితాల మధ్య కొన్ని గంటలు ఉంచాలి. కాగితం కొంత ప్లాస్టిసైజర్‌ను పీల్చుకుంటుంది. తుపాకీ గొట్టం వంటి సన్నని భాగాలను కాల్చడం పూర్తయ్యాక తీగపై ఎపాక్సీ పుట్టీతో చేయడం మేలు.

లోతును కుదించడం

1:20 కొలతలో 170 సెంటీమీటర్ల సైనికుడు 8.5 సెంటీమీటర్లు అవుతాడు. 25 సెంటీమీటర్ల ఛాతీ మందం 12.5 మిల్లీమీటర్లు కావాలి. ఉబ్బెత్తు శిల్పంలో దాన్ని 5 మిల్లీమీటర్లకు కుదించవచ్చు. వెనుక ఉన్న కొండలకు ఒక మిల్లీమీటరు చాలు. పక్కనుంచి ఏటవాలుగా పడే వెలుగు పొడవైన నీడలు పరచి, లేని లోతును కంటికి చూపిస్తుంది. కాబట్టి మలిచేటప్పుడే దీపాన్ని ఒక పక్కన పెట్టుకోవాలి. తెలుగు నేలపై వీరగల్లులు చెక్కినవారు కూడా కొద్దిపాటి లోతులోనే కత్తి ఎత్తిన వీరుణ్ణి నిలబెట్టారు.

కాల్చడంలో మెలకువలు

గట్టిపడే ముందు క్లే వేడికి మరింత మెత్తబడుతుంది. చేతులు, మెడలు వాలిపోయేది అప్పుడే. లోపల తీగ ఉంటే భంగిమ నిలుస్తుంది. ఉబ్బుగా ఉండే చోట్ల అల్యూమినియం రేకు ఉండను లోపల పెడితే మందం తగ్గి, వేడి సమానంగా చేరుతుంది. పలకను గచ్చు టైల్‌పై ఉంచి కాల్చితే వంకర పోదు.

రకాన్ని బట్టి ఉష్ణోగ్రత 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. ప్యాకెట్‌పై రాసిన అంకెనే పాటించాలి. రెండు రకాలు కలిపితే ముందుగా చిన్న ముక్కను కాల్చి చూడాలి. చిన్న ఓవెన్లలో సూచిక చూపే వేడికీ, లోపలి వేడికీ తేడా ఉండవచ్చు కనుక విడిగా ఓవెన్ థర్మామీటర్ వాడాలి.

వేడి చాలకపోతే రేణువులు పూర్తిగా కలవవు, బొమ్మ పెళుసుగా విరుగుతుంది. వేడి ఎక్కువైతే పీవీసీ గొలుసుల నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ విడిపోతుంది. ఒకటి విడిపోతే పక్కది విడిపోవడం సులువవుతుంది. అలా మిగిలిన జంట బంధాల వరుస వల్లే క్లే పసుపుగా, తర్వాత గోధుమరంగుగా మారుతుంది. ఆ వాయువు కళ్లను, గొంతును మండిస్తుంది. ఒకే కిటికీ ఉన్న గదిలో ఇది నిజమైన ప్రమాదం. మాడిన వాసన రాగానే ఓవెన్ ఆపి, తలుపులు తెరిచి బయటకు వెళ్లాలి.

క్లేకు వాడిన పాత్రలను వంటకు వాడకూడదు. ప్లాస్టిసైజర్లలో ఒకప్పుడు థాలేట్లు ఎక్కువగా ఉండేవి. పిల్లల ఆటవస్తువుల్లో కొన్ని థాలేట్లపై ఐరోపా సమాఖ్య, అమెరికా ఆంక్షలు పెట్టాయి. కొనేముందు 'థాలేట్లు లేవు' అన్న సూచన చూసుకోవడం మంచిది.

చల్లారిన పలకపై పలుచని ముదురు యాక్రిలిక్ రంగు పూసి, వెంటనే తుడిచేయాలి. పల్లాల్లో రంగు మిగిలి మడతలు, వేళ్లు, కందకం అంచులు తేలి కనిపిస్తాయి. అప్పుడు ఒకసారి దీపాన్ని పక్కకు జరిపి చూడాలి. తుపాకీ పట్టిన చెయ్యి మలిచిన చోటే నిలిచి ఉంటే, పని సరిగ్గా జరిగినట్టు.